తల్లి పక్కన కూర్చుని పని చేసిన పిల్లలు

(మారిషస్‌లో ఉగాది సాంస్కృతికోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను తెలుగు నేర్చుకున్నది సాయంకాలపు బడిలో. పగలు ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇంట్లో క్రియోలు, సాయంత్రం గుడి వెనుక రేకుల షెడ్డులో రెండు గంటలు తెలుగు. కనుక నా మాటల్లో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి. పండుగనాడు పద్యం గురించో, రామభజన గురించో మాట్లాడమని నన్ను అడిగారు. వాటి గురించి నాకంటె బాగా తెలిసినవారు ఈ సభలోనే ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్లు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పినవాడిని. అందుచేత పిల్లల గురించే మాట్లాడతాను. ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా వేస్తాం కదా. ఈ ప్రసంగాన్ని ఆ వేపపువ్వుగా స్వీకరించండి.

ముందుగా మీకు తెలిసిన ఫొటోలతో మొదలుపెడతాను. మోకా ఊరిలో ఉన్న మహాత్మా గాంధీ సంస్థ భాండాగారంలో మన తాతల, ముత్తాతల ఫొటోలు ఉన్నాయి. మనలో చాలామంది అక్కడికి వెళ్లి, వంశవృక్షం కోసం పేర్లు వెతికించుకుని, ఫొటో నకలు తెచ్చి దేవుడి గదిలో పెట్టుకున్నవాళ్లమే. ఆ ఫొటోలు ఎందుకు తీశారో ఎప్పుడైనా ఆలోచించారా? 1867 నాటి చట్టం తరువాత, ఒప్పందం ముగిసిన పాత కూలీ తన ఫొటో ఉన్న టికెట్టును దగ్గర పెట్టుకుని తిరగవలసి వచ్చింది. మనిషిని పట్టుకోవడానికి తీసిన ఫొటో అది. అందులో ముఖం ఉంది, నంబరు ఉంది. ఆ మనిషి ఏ పని చేశాడో, ఎన్ని గంటలు చేశాడో, ఎంత కూలి పుచ్చుకున్నాడో మాత్రం ఆ ఫొటోలో లేదు.

ఇప్పుడు ఇంకొక రకం ఫొటోల గురించి చెబుతాను. ఇవి మన దేశంలోవి కావు. అమెరికాలో న్యూయార్కు నగరంలో నూరేళ్ల క్రితం తీసినవి. తీసినవాడు మొదట ఒక బడిపంతులు. అందుకే ఆయన మీద నాకు అభిమానం.

ఆ రోజుల్లో న్యూయార్కుకు ఐరోపా నుండి ఓడల మీద లక్షలాది బీదజనం వచ్చారు. ఇటలీ వాళ్లు, రష్యా నుండి వచ్చిన యూదులు, ఇంకా ఎందరో. వాళ్లు కాపురం ఉన్న అద్దె కొంపలను టెనెమెంట్లు అనేవారు. 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు ఉన్న స్థలంలో అయిదు, ఆరు అంతస్తులు లేపేవారు. ఒక్కొక్క అంతస్తులో నాలుగేసి కుటుంబాలు. వీధివైపు గదికి తప్ప లోపలి గదులకు గాలీ వెలుతురూ సరిగా ఉండేవి కావు. 1900 నాటికి నగర జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మంది, అంటే సుమారు 23 లక్షల మంది, ఇటువంటి ఇళ్లలోనే ఉన్నారు. ఆర్చర్డ్ వీధిలో 97వ నంబరు ఇంటిని ఇప్పుడు మ్యూజియం చేశారు. 1863లో కట్టిన ఆ ఒక్క ఇంట్లో 1935 వరకు సుమారు 7,000 మంది కాపురం చేసి వెళ్లారట. మన చెరకు ఎస్టేటు క్యాంపుల్లోని ఇరుకు గదుల గురించి పెద్దల నోట విన్నవారికి ఇది కొత్త కాదు.

ఆ ఇళ్ల లోపలికి మొదట కెమెరా పట్టుకుని వెళ్లినవారిలో జేకబ్ రీస్ ఒకడు. ఆయన డెన్మార్కు నుండి 1870లో వలస వచ్చి, పోలీసు వార్తలు రాసే విలేఖరి అయ్యాడు. చీకటి గదిలో ఫొటో తీయాలంటే మెగ్నీషియం పొడిని వెలిగించాలి. 1887లో ఆ పద్ధతి గురించి చదివి, రాత్రివేళ సందుగొందుల్లో తిరిగి ఫొటోలు తీశాడు. 1890లో ఆ ఫొటోలతో పుస్తకం వేశాడు. తలుపు తోసుకుని వెళ్లి, పొడి వెలిగించి, లోపలివాళ్లు తేరుకునేలోపల ఆయన వెళ్లిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఆ ఫొటోల్లో జనం ఉలిక్కిపడి చూస్తూ ఉంటారు. ఆయన చేసిన మేలు గొప్పదే. కాని ఆ వలస జనం మీద ఆయనకు కొంత చులకన భావం ఉన్నట్టు ఆయన రాతల్లో కనబడుతుంది.

ఆయన తరువాత వచ్చినవాడు లూయిస్ హైన్. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఈయన గురించే. 1874 సెప్టెంబరు 26న విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టాడు. పద్దెనిమిదేళ్లప్పుడు తండ్రి ప్రమాదంలో పోయాడు. కుర్రవాడు కుటుంబం కోసం కార్ఖానాలో చేరి, చాలా కొద్ది జీతానికి పొద్దున్నుండి రాత్రి వరకు పని చేశాడు. తరువాత చదువుకుని, 1901లో న్యూయార్కులో ఎథికల్ కల్చర్ స్కూలులో ఉపాధ్యాయుడుగా చేరాడు. ఆ బడి పెద్ద ఫ్రాంక్ మానీ ఆయన చేతికి కెమెరా ఇచ్చి, పిల్లలకు పాఠం చెప్పడానికి ఇది పనికివస్తుందేమో చూడమన్నాడు. 1904 నుండి ఎల్లిస్ దీవిలో, ఓడ దిగిన వలసవాళ్ల ఫొటోలు తీశాడు. మనకు పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ ఎలాంటిదో, వాళ్లకు ఎల్లిస్ దీవి అలాంటిది. ఆ వచ్చినవాళ్లను ఆదరంగా చూడడం తన శిష్యులకు నేర్పాలన్నదే ఆ ఫొటోల ఉద్దేశం.

1904లోనే అక్కడ జాతీయ బాలకార్మిక సంఘం ఏర్పడింది. 1908లో హైన్ బడి ఉద్యోగం మానేసి ఆ సంఘం పనిలో పూర్తిగా దిగాడు. సుమారు పదేళ్లలో వేలకొలది ఫొటోలు తీశాడు. బొగ్గు గనుల్లో, నూలు మిల్లుల్లో, గాజు కార్ఖానాల్లో, వీధుల్లో పత్రికలు అమ్మే కుర్రాళ్లలో ఎక్కడ పిల్లలు పనిచేస్తే అక్కడికి వెళ్లాడు. యజమానులు రానివ్వకపోతే బైబిళ్లు అమ్మేవాడిననీ, ఇన్సూరెన్సు ఏజెంటుననీ, యంత్రాల ఫొటోలు తీసేవాడిననీ చెప్పి లోపలికి వెళ్లేవాడు. పిల్లవాడి ఎత్తు తన కోటు ఏ గుండీ వరకు వస్తుందో చూసుకుని కొలత వేసుకునేవాడు. జేబులో చెయ్యి పెట్టి, లోపలే కాగితం మీద వివరాలు రాసుకునేవాడు. ఫొటోలకు వీలైనంతవరకు పేరు, వయస్సు, ఊరు, తేదీ, పని గంటలు, కూలి రాశాడు. ఆ కాగితం లేకపోతే ఆ ఫొటో సాక్ష్యం కాదని ఆయనకు తెలుసు. మన తాతల ఫొటోకు నంబరు వేశారు. ఈయన ఫొటోకు పేరు రాశాడు. ఈ తేడాను మా బడి పిల్లలు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఇక ఇళ్లలో పని సంగతి. 1908 నుండి 1912 వరకు, అందులోనూ 1911 డిసెంబరు, 1912 తొలి నెలల్లో, హైన్ న్యూయార్కు టెనెమెంట్లలో చాలా ఫొటోలు తీశాడు. షాపువాడో కాంట్రాక్టరో సరుకు ఇస్తాడు. తల్లి ఆ మూటను నెత్తిన పెట్టుకుని ఇంటికి తెస్తుంది. అలా కోట్ల మూటలు నెత్తిన మోస్తూ నడిచిన ఆడవాళ్ల ఫొటోలు కూడా ఆయన తీశాడు. ఇంట్లో వంట చేసే బల్ల మీదనే అందరూ చుట్టూ కూర్చుని పని చేస్తారు. లాగుల దారాలు పీకడం, బొమ్మల గౌనులు కుట్టడం, పెంకులు కొట్టి ఆక్రోటు పప్పు తీయడం, టోపీలకు పెట్టే గుడ్డపూలు కట్టడం. నెలల బిడ్డకు పాలిస్తూనే పప్పు ఒలిచే తల్లి ఒక ఫొటోలో ఉంది.

ఒక ఫొటో వెనుక ఆయన రాసిన వివరం నన్ను చాలా రోజులు వెంటాడింది. మూడేళ్ల పాప గుడ్డపువ్వు రేకలు విడదీసి, మధ్యలో పుప్పొడి బొడ్డు గుచ్చి, కాడకు జిగురుతో అంటిస్తుంది. రోజుకు 540 పూలు. దానికి కూలి 5 సెంట్లు. లెక్క వేసి చూడండి. ఒక్క సెంటుకు 108 పూలు! మనం అష్టోత్తరం చేసినప్పుడు నూట ఎనిమిది పూలు వేస్తాం. నా పూజలో ఆ లెక్క వచ్చినప్పుడల్లా ఆ పాప గుర్తుకు వస్తుంది.

ఆ రోజుల్లో పధ్నాలుగేళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీలో పెట్టకూడదని న్యూయార్కులో చట్టం ఉంది. ఫ్యాక్టరీకి ఇన్స్పెక్టరు వస్తాడు. ఇంటికి ఎవరు వస్తారు? వచ్చినా, తలుపు తట్టిన చప్పుడు వినగానే పిల్ల సూది కింద పెడుతుంది. అడిగితే అమ్మకు సాయం చేస్తోందంటారు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. లెక్కకు కూలి ఇచ్చే పనిలో ఎన్ని చేతులు ఉంటే అంత డబ్బు. అందరి పిల్లలూ చేస్తారు కాబట్టి కాంట్రాక్టరు రేటు తగ్గిస్తాడు. రేటు తగ్గింది కాబట్టి పిల్లలు చేయక తప్పదు. తల్లిదండ్రులు కఠినాత్ములు కారు. వాళ్లు ఆ గానుగలో పడ్డారు.

చట్టాలు ఎలా వచ్చాయో కూడా తెలుసుకోవాలి. 1884లో టెనెమెంట్లలో చుట్టలు చేయడం నిషేధిస్తే, మరుసటి సంవత్సరమే కోర్టు దానిని కొట్టివేసింది. 1892లో ఇంట్లో సరుకు తయారీకి లైసెన్సు పెట్టారు. ఆ లైసెన్సు ఇంటి శుభ్రతను చూసింది గాని పిల్లల శ్రమను చూడలేదు. కొనేవాళ్ల భయం ఏమంటే, ఆ బట్టలతో, ఆ పప్పుతో క్షయ, మశూచి తమ ఇళ్లకు వస్తాయని. 1911 మార్చి 25న ట్రయాంగిల్ బట్టల కార్ఖానాలో మంటలు లేచి 146 మంది చనిపోయాక విచారణ సంఘం వేశారు. 1913లో కొత్త చట్టం వచ్చింది. తినే వస్తువులు, బొమ్మలు, బొమ్మల బట్టలు, పసిపిల్లల దుస్తులు టెనెమెంట్లలో తయారు చేయకూడదన్నారు. గుడ్డపూలు మాత్రం ఆ జాబితాలో లేవు. దేశమంతటికీ చేసిన 1916 చట్టాన్ని 1918లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. నిలబడిన చట్టం 1938లో వచ్చింది. టెనెమెంట్లలో పని గురించి హైన్ తీసిన మొదటి ఫొటోలకు, ఆ చట్టానికి మధ్య సుమారు ముప్పై ఏళ్లు గడిచాయి. ఆ ఫొటోలోని మూడేళ్ల పాప అప్పటికి తల్లి అయి ఉండే వయస్సు.

హైన్ 1940 నవంబరు 3న బీదరికంలో చనిపోయాడు. చివరి రోజుల్లో ఆయనకు ఇల్లు కూడా దక్కలేదు. ఆయన తీసిన అయిదు వేలకు పైగా ఫొటోలు ఇప్పుడు అమెరికా జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఇదంతా మనకెందుకని మీరు అడగవచ్చు. దానికి జవాబుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నేను బడిలో చేరిన మొదటి సంవత్సరాలు. 1980 దశకం. మన దేశంలో ఊలు స్వెట్టర్ల ఫ్యాక్టరీలు లేచి, చెరకు పొలం వదిలి ఆడవాళ్లంతా పనికి వెళ్లిన రోజులవి. ఇళ్లలో మొదటిసారి ఫ్రిజ్జులు, టీవీలు చూశాం. ఆ మేలు కాదనను. నా తరగతిలో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ఉండేది. మన తెలుగువాళ్ల అమ్మాయే. పొద్దున్నే బల్ల మీద తల పెట్టి నిద్రపోయేది. నేను లేపి నిలబెట్టేవాడిని. ఒకసారి తరగతి అయ్యేవరకు నిలబెట్టాను. ప్రోగ్రెస్ కార్డులో ‘శ్రద్ధ లేదు’ అని రాశాను.

సాయంకాలపు బడికి ఆ పిల్ల రావడం మానేసింది. కనుక్కుందామని ఒక రాత్రి వాళ్లింటికి వెళ్లాను. ఒకటే గది. మంచం మీద స్వెట్టర్ల గుట్ట. తల్లి గుండీలు కుడుతోంది. మామ్మ పూసలు గుచ్చుతోంది. ఆ పిల్ల కింద కూర్చుని చిన్న కత్తెరతో దారపు కొసలు కత్తిరిస్తోంది. ఎవరో సరుకు తెచ్చి ఇస్తారట, పొద్దున తీసుకుపోతారట. ఆ తల్లి లేచి, “రండి మాస్టారూ, కూర్చోండి” అని కుర్చీ ఖాళీ చేసి, టీ పెట్టి ఇచ్చింది. నేను టీ తాగాను. పండుగకు గుడికి రమ్మని చెప్పి వచ్చేశాను. ఆ పని గురించి ఒక్క మాట అనలేదు. తెలుగువాళ్లం కదా, వాళ్ల మర్యాద పోతుందనుకున్నాను. పొద్దున బడిలో మాత్రం మళ్లీ లేపి నిలబెట్టాను. ఆ పిల్ల సీపీఈ పరీక్ష తప్పింది. చదువు అక్కడితో ఆగింది.

ఎన్నో ఏళ్ల తరువాత లైబ్రరీలో హైన్ ఫొటోల పుస్తకం తెరిచాను. అదే గది, అదే దీపం, అదే వంగిన మెడ. నేనూ ఉపాధ్యాయుణ్ణే, ఆయనా ఉపాధ్యాయుడే. ఆయన చూసింది రాశాడు. నేను చూసి కూడా ‘శ్రద్ధ లేదు’ అని రాశాను.

మన పూర్వీకుల నేల మీద ఇదే కథ ఉంది. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాల్లో ఆడపిల్లలు తల్లుల పక్కన కూర్చుని బీడీలు చుట్టారు. 1986లో భారతదేశం చేసిన బాలకార్మిక చట్టం బీడీ పనిని పిల్లలకు నిషేధించింది. కాని కుటుంబం సాయంతో ఇంట్లో చేసుకునే పనికి మినహాయింపు ఇచ్చింది. చూశారా, ఆ న్యూయార్కు ఇంటి తలుపే ఇది కూడా. 2016లో చట్టాన్ని సవరించి, పధ్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదన్నారు. అయినా బడి వేళల తరువాత, ప్రమాదం లేని ఇంటి వృత్తిలో సాయం చేయవచ్చని తలుపు కొంచెం తెరిచే ఉంచారు. 2015లో హైదరాబాదు పాతబస్తీ ఇరుకు ఇళ్లలో గాజులు తయారు చేస్తున్న పిల్లలను పోలీసులు బయటికి తెచ్చారు. 200 మందికి పైగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది బీహారు నుండి వచ్చిన పిల్లలు. మన పెళ్లిళ్లలో చేతినిండా వేసుకునే గాజులు ఎటువంటి గదిలో తయారవుతాయో ఆ వార్తతో తెలిసింది.

మంచి మాట కూడా ఉంది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వారు, ఆచార్య శాంతా సిన్హా గారి నాయకత్వంలో, వేలాది పిల్లలను పని మాన్పించి బడికి పంపారు. ఆమెకు 2003లో మెగసెసె బహుమతి వచ్చింది. వారి సూత్రం చాలా సులువు. బడిలో లేని పిల్ల ఎక్కడున్నా పనిపిల్లే. అది ఇంటి పనా, కూలి పనా అని వారు వాదం పెట్టుకోలేదు.

2020లో ప్రపంచమంతటా 16 కోట్ల పిల్లలు పనుల్లో ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ లెక్క కట్టాయి. వారిలో నూటికి 72 మంది సొంత కుటుంబంలోనే పని చేస్తున్నవారు. 2024 లెక్కకు అది 13.8 కోట్లకు తగ్గింది. తగ్గడం సంతోషమే. కాని ఇంటి తలుపు వెనుక ఉన్నవాళ్లను లెక్క పెట్టడం ఎప్పుడూ కష్టమే.

అయితే పిల్లలు ఇంట్లో పని ముట్టుకోకూడదా అని ఒక పెద్దావిడ నన్ను అడిగారు. అలా కాదమ్మా. ముగ్గు వేయాలి, గిన్నె కడగాలి, తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. ఆ పని పిల్లను పెంచుతుంది. తేడా తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఆ పని లాభం ఇంటికి వస్తుందా, బయటివాడికి పోతుందా? పిల్ల అలసిపోతే ఆపగలదా? మర్నాడు బడిలో మేలుకుని ఉంటుందా? ఈ మూడింటికీ మంచి జవాబు రాకపోతే, అమ్మకు సాయం అన్న పేరు దానికి చెల్లదు.

కెమెరా గురించి ఒక్క మాట. ఈనాడు ప్రతివారి జేబులోనూ కెమెరా ఉంది. మా బడి పిల్లలు హైన్ లాగా ఫొటోలు తీస్తామంటున్నారు. తొందరపడవద్దు. హైన్ కాలంలో ముఖం చూపిస్తేనే లోకం నమ్మింది. ఈనాడు అదే ముఖం ఒక్క పూటలో ప్రపంచమంతా తిరుగుతుంది, ఆ పిల్ల పెద్దదయ్యాక కూడా వెంటపడుతుంది. భారతదేశంలో 2015 నాటి చట్టం రక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో బయటపెట్టడాన్ని నిషేధించింది. కనుక ముఖం చూపించకండి. గంటలు రాయండి, కూలి రాయండి, ఎవరు సరుకు తెచ్చారో రాయండి, చెప్పవలసిన అధికారికి చెప్పండి. హైన్ కాగితం ముక్క మీద చేసిన పని ఆయన కెమెరా చేసిన పనికంటె తక్కువది కాదు.

చివరి మాట చెప్పి విరమిస్తాను. కొన్నేళ్ల క్రితం సంతలో ఒకావిడ నన్ను ఆపి, “మాస్టారూ, గుర్తుపట్టారా?” అని అడిగింది. గుర్తుపట్టాను. తన కూతురును బాగా చదివించానని సంతోషంగా చెప్పింది. నేను ఆ రాత్రి సంగతి ఎత్తి, క్షమించమ్మా అన్నాను. ఆవిడ నవ్వి, “మీరు వచ్చినప్పుడు నాకు సిగ్గేసి కత్తెర గౌను కింద దాచాను మాస్టారూ. మీరు ఏమీ అనకుండా వెళ్లారని మా అమ్మ చాలా సంతోషించింది” అంది.

ఆ సంతోషం నాకు ఈనాటికీ మోయలేని బరువు. మీ పక్కింటి పిల్ల, మీ బడి పిల్ల, మీ చుట్టాల పిల్ల బల్ల మీద నిద్రపోతే, లేపే ముందు రాత్రి ఏం చేసిందో అడగండి. ఇదే ఈ ఉగాదికి నా మనవి.